పద్నాలుగో కొలకర్ర

కారాకోల్,
అక్టోబర్ 20

శ్రీమతి ఐజిరెక్ గారికి,

ఈ చేతిరాత గుర్తుపడితే చించేయకుండా చివరిదాకా చదవండి. గుర్తుపట్టకపోతే మరీ మంచిది, ఎవరో ముసలివాడికి సాయం చేస్తున్నాననుకోండి. ఒక్క మనవి. జవాబులో నన్ను 'అగాయ్' అనకండి. గురువును పిలిచే ఆ మాట మీద మీ హక్కు 2003 వసంతంలో, మా సంస్థ డైరెక్టరు బల్ల మీద నా మీద నివేదిక పెట్టిన రోజున పోయింది. ఫోను చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం, మీ గొంతు వినాలని నాకు లేదు. బిష్కెక్ వ్యాను నడిపే జుమాదిల్ దీన్ని మీ బ్యాంకు గుమ్మం దాకా తెస్తాడు.

సర్‌బాష్ హిమనది మీద ఇరవై ఏడేళ్ళు నేను తీసిన కొలతలు, క్షేత్ర నోట్‌బుక్కుల ఫొటోలు అన్నీ ఒకే డిస్కులో ఉన్నాయి. అసలు కాగితాలు సంస్థ నేలమాళిగలో నీళ్ళు నిండిన ఏడాది గుజ్జయిపోయాయి. డిస్కుకు తాళం వేశాను, అంటే సంకేతపదం లేకుండా తెరిస్తే లోపల అర్థంలేని అక్షరాల ఇసుక తప్ప ఏమీ కనిపించదు. రెండో ప్రతి ఎందుకు లేదని అడుగుతారు. ఒక్కదాన్ని దొంగల నుంచి కాపాడడానికే నాకు నిద్ర లేదు, రెండోది ఎక్కడ దాచను?

ఇరవై ఏళ్ళకి అక్కడి పరిశోధన కేంద్రం మళ్ళీ తెరుస్తున్నారు. అందులో చేరిన కుర్ర పరిశోధకులు, పిల్లలే, మార్చి నెలాఖరులోగా పాత కొలతలు ఇమ్మన్నారు.

బుధవారం మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ కొత్తది వేశాను. యంత్రాన్ని నడిపే లోపలి గుండెకాయ అది, మీకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం డిస్కు తెరిస్తే తెర నిండా ఎర్రర్లు: చదవలేకపోయాను, రాయలేకపోయాను, చదవలేకపోయాను. గురువారం పాత కెర్నెల్‌తో మొదలుపెట్టాను. ఒక్క ఎర్రరూ లేదు. కాబట్టి దోషి దొరికాడు. బాగున్నదాన్ని బాగుచేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పాత కెర్నెల్‌నే శాశ్వతంగా ఉంచుకోవడం ఎలాగో రెండు ముక్కల్లో చెప్పండి. అంతకుమించి అక్కర్లేదు.

తొలోముష్ సాతారోవ్


బిష్కెక్,
అక్టోబర్ 24

తొలోముష్ అగాయ్,

అలవాటు పోలేదు, ఏం చేయను. చదివి కోపం తెచ్చుకుని, మళ్ళీ చదవండి.

మన వ్యాను అన్న జుమాదిల్ బైకె మీ ఉత్తరం ఇస్తూ, "చెల్లెమ్మా, దీంట్లో ఏముందోగానీ, ఆ పెద్దాయన ముట్టుకుంటే కాలిపోయేలా ఇచ్చాడు" అన్నాడు. నిజమే, కాలింది. అయినా డిస్కులు నా రోజువారీ పని. ఈ బ్యాంకు యంత్రాల గదిలో నేను పదిహేనేళ్ళుగా చేస్తున్నది అదే.

ఒక్క రోజు బాగుండటం రుజువు కాదు. ఆ మాట నాకు నేర్పింది మీరే. పాత కెర్నెల్‌తోనే ఉండండి, కానీ దోషి దొరికాడనుకోకండి. ముందు తాళం పోకుండా చూసుకోవాలి. డిస్కు మొదట్లో ఒక చిన్న భాగం ఉంటుంది, తాళమంతా దానిలోనే. అది చెడితే సంకేతపదం తెలిసినా తలుపు తెరుచుకోదు. దాని ప్రతి తీసే ఆదేశం వెనక పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. తీసి చిన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఏం జరిగినా 'మరమ్మతు' ఆదేశం మాత్రం ఇవ్వకండి. జబ్బు ఏమిటో తెలియకుండా కత్తి పెట్టకూడదు.

ఇంకొకటి. రోజూ డిస్కు తెరిచిన గంట, ఏ కెర్నెల్, ఎర్రర్లు ఎన్ని, రాయండి. మంచు కొండ మీద రాసినట్టు. ఆ వారం ఇంట్లో ఇంకేమైనా మారిందా?

ఐజిరెక్


కారాకోల్,
నవంబర్ 5

ఐజిరెక్ గారికి,

ఇంట్లో ఏమీ మారలేదు. నా ఇంట్లో మార్పు నా భార్య చనిపోయిన ఏడాదే ఆఖరు.

తాళం ప్రతి తీశాను. మీరు చెప్పారని కాదు, సబబుగా అనిపించి.

కానీ నాకు మతి పోతోంది. పాత కెర్నెల్ కూడా నమ్మకద్రోహి. గురువారం, శుక్రవారం బంగారంలా నడిచింది, శనివారం సాయంత్రం మళ్ళీ ఎర్రర్లు. ఆదివారం పట్టుదల కొద్దీ కొత్త కెర్నెల్ వేస్తే అది శుభ్రంగా పనిచేసింది! సోమ, మంగళ ఏ గొడవా లేదు. బుధవారం రెండూ చెడ్డవే. మొదటి రోజున నేను నేరస్థుణ్ణి పట్టుకున్నానన్న సంగతి నిజమా, కలా? డెబ్బై ఆరేళ్ళ బుర్ర కూడా ఒక డిస్కే కదా, దానికి ఎర్రర్లు రావడం లేదని ఎవరు చెప్పాలి?

పక్కింటి ఇస్మార్‌కి చెప్పాను. దుంగాను జాతివాడు, చల్లటి అష్లాన్‌ఫు నూడుల్స్ అమ్మి మేడ కట్టాడు.

"ఏంటి అక్సకాల్, మళ్ళీ ఆ పెట్టెతో కుస్తీనా?" అన్నాడు. తెల్లగడ్డం పెద్దలందరికీ ఇచ్చే బిరుదే నాకూ.

"కుస్తీ కాదురా, అంత్యక్రియలు."

"దాన్ని వదిలేసి రండి. నా కొత్త ఆవిరి స్నానాలగది చూశారుగా? ఒక్కసారి ఒళ్ళు కాగితే ఎర్రర్లన్నీ చెమటలో పోతాయి. శనివారం మీకు ఊరికే."

వెళ్ళాను. మంచి గది. వాడు మంచివాడు, ఏమీ చదవలేదు కాబట్టి.

ఎర్రర్లు, వేళలు రాసిన కాగితం జత చేశాను. మీకు జర్మనీలో నేర్పిన కొత్త విద్యలేమైనా ఉంటే ఇప్పుడు పనికొస్తాయి. నన్ను ఇంటికి పంపించినందుకు బహుమానంగా మీకు దొరికింది ఆ చదువేగా.

తొ. సాతారోవ్


బిష్కెక్,
నవంబర్ 13

అగాయ్,

జర్మనీ సంగతి తర్వాత.

మీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇది కెర్నెల్ కాదు. అంతవరకు చెప్పగలను. డిస్కు పాతబడిందా? పాతబడిన డిస్కు ఎప్పుడూ చెడ్డదే అవుతుంది, రోజులు చూసుకుని చెడదు. తీగ వదులుగా ఉందా? తాళం పొరలో లోపమా? నాతో పనిచేసే కుర్రాడు చూసి "ఈయన ఇల్లు దయ్యాల కొంప అయి ఉంటుంది అక్కా" అన్నాడు. అంతకంటే తెలివైన మాట నా దగ్గర కూడా లేదు.

తీగ మార్చి చూడండి. ఇంకో రెండు వారాలు రాయండి. మరమ్మతు వద్దు. మళ్ళీ చెబుతున్నాను, వద్దు.

ఐజిరెక్


కారాకోల్,
నవంబర్ 26, ఆదివారం

ఐజిరెక్,

మరమ్మతు ఆదేశం ఇచ్చాను.

నిన్న, శనివారం. తీగ మార్చినా గుణం కనిపించలేదు. నీ ఉత్తరంలో 'వద్దు' అన్న మాట రెండుసార్లు చూసేసరికి నాకు మొండితనం వచ్చింది. నేను నీ కింద పనిచేసేవాణ్ణా అనిపించింది. ఆదేశం ఇచ్చి, మూడు గంటలు పడుతుందని చూపిస్తే, ఊరికే కూర్చోవడం దేనికని ఇస్మార్ స్నానాలగదికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి డిస్కు ఏదో గొణిగి ఆగిపోయింది. సంకేతపదం కొట్టాను. 'ఈ పదానికి తాళం లేదు' అంది. మళ్ళీ కొట్టాను. పదకొండుసార్లు కొట్టాను. ప్రతిసారీ అదే.

ఇరవై ఏడేళ్ళు. నాలుగు వేల మీటర్ల ఎత్తున, వేళ్ళు మొద్దుబారితే పెన్సిలు పళ్ళతో పట్టుకుని రాసిన అంకెలు.

డిస్కును నా భార్య చేసిన ఫెల్టు మేజోడులో చుట్టి జుమాదిల్ ఒళ్ళో పెట్టాను. "సామాన్ల దగ్గర పెట్టకు, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాను. "పసిపిల్లయితే ఏడుస్తుంది అక్సకాల్, ఇది నయం" అన్నాడు. నువ్వు తీయమన్న తాళం ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఈ రెండు వారాల కాగితం కూడా ఉంది. మేజోడు అడుగున కొన్ని కురుత్ పెరుగుండలు, ఎండినవి, పెట్టాను, రాళ్ళనుకుని పారేయకు.

ఏం చేయాలో అది చెయ్యి.

తొలోముష్


బిష్కెక్,
డిసెంబర్ 8

అగాయ్,

ఇరవై ఏళ్ళ తర్వాత నన్ను 'నువ్వు' అన్నారు. గమనించారో లేదో.

ముందు మంచి కబురు. డిస్కు మొదటి భాగంలో సమాచారం దాచుకునే గదులు కొన్ని చదవడానికి రావడం లేదు, తాళం ఉన్నది ఆ గదుల్లోనే. కానీ మిగతాదంతా గీకి గీకి కొత్త డిస్కులోకి ఎక్కించాను, మూడు ప్రతులు తీశాను. మీ పెన్‌డ్రైవ్‌లోని తాళాన్ని వాటికి బిగించాను. ఇప్పుడు యంత్రం సంకేతపదం అడుగుతోంది. ఆ ప్రశ్న తెర మీద చూసినప్పుడు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను.

రెండోది. మీ రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచాను. ఎర్రర్లు వచ్చినవన్నీ బుధవారాలు, శనివారాలు. అన్నీ సాయంత్రం ఏడుకూ తొమ్మిదికీ మధ్య. ఒక్కటీ తప్పలేదు. ఏ కెర్నెల్ అన్నదాంతో దానికి పనిలేదు. అక్టోబర్ 18 కూడా బుధవారమే. ఇస్మార్ బైకె కొత్త స్నానాలగది కరెంటుదా? ఏ రోజుల్లో వేడి చేస్తాడు? మొదటిసారి ఎప్పుడు వేడి చేశాడు?

అది వేడెక్కినప్పుడల్లా మీ వీధిలో కరెంటు సన్నబడుతుంది. మీ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, దానికి తెలియదు. విడిగా గోడ కరెంటుతో నడిచే డిస్కుకి లేదు, అది రాస్తూ రాస్తూ మూర్ఛపోతుంది. తాళం వేసిన డిస్కు కాబట్టి సగం రాసిన గది అర్థంలేని ఇసుకగా కనిపిస్తుంది. మీ ఇంట్లో స్టెబిలైజరు లేదా?

లోపల ఏం మిగిలిందో తెలియాలంటే తెరవాలి. మీ మరమ్మతు సగంలో ఆగింది కాబట్టి లోపలి అరలు కూడా చెదిరి ఉంటాయి. అవి సర్దడం మీ వల్ల కాదు, కోపం తెచ్చుకోకండి. సంకేతపదం పంపండి.

ఐజిరెక్


కారాకోల్,
డిసెంబర్ 17

ఐజిరెక్,

స్టెబిలైజరు ఉంది. ఫ్రిజ్‌కి పెట్టాను. మాంసం పాడవుతుందని.

ఇస్మార్ దగ్గరికి వెళ్ళాను.

"ఒరేయ్, నీ స్నానాలగది మొదటిసారి ఎప్పుడు వెలిగించావు?"

"బుధవారం, అక్సకాల్. అక్టోబర్‌లో. మీకే కదా ముందు చెప్పాను. మంచు మీద జారడానికి వచ్చే రష్యావాళ్ళకి బుధ, శనివారాలు అద్దెకిస్తున్నా. ఏం?"

"నా ఇరవై ఏడేళ్ళనీ నువ్వు ఉడకబెట్టి తినేశావు."

"నేనా? మీరే కదా పై బల్ల ఎక్కి, ఇంకా వేడి పెంచరా, ఇంకా పెంచరా అని అరిచారు!"

నా డిస్కు ఇంట్లో మూర్ఛపోతుంటే నేను పక్కింట్లో వేడి పెంచమని అరుస్తున్నాను. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత మొద్దు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

సంకేతపదం పంపను. కారణం దాచి లాభం లేదు. ఆ డిస్కులో కొలతలతో పాటు నేను రాసిన పుస్తకం ఉంది. నాకు అన్యాయం చేసినవాళ్ళందరికీ తలా ఒక అధ్యాయం. ఏడోది నీది. నువ్వు చదవాలనే రాశాను, కానీ అచ్చులో, నేను పోయాక. డిస్కు తిప్పి పంపు. నేనే తెరుచుకుంటాను.

తొలోముష్


బిష్కెక్,
జనవరి 6

అగాయ్,

తిప్పి పంపగలను. మీరు తెరవగలరు కూడా. చెదిరిన అరల్ని సర్దబోయి మిగిలిందీ పోగొడతారు. మార్చి దగ్గర పడుతోంది. మీకు నా మీద కోపం ముఖ్యమో, సర్‌బాష్ అంకెలు ముఖ్యమో తేల్చుకోండి.

ఏడో అధ్యాయంలో ఏముందో నాకు చదవకుండానే తెలుసు. శిష్యురాలు వెనకనుంచి పొడిచింది, జర్మనీ టికెట్టు కొనుక్కుంది. అవునా? నేను జర్మనీ వెళ్ళలేదు. నివేదిక తర్వాత మీ గది ఖాళీ అయింది, ఆ సాయంత్రమే నేనూ రాజీనామా రాశాను. అది మీకు ఎవరూ చెప్పలేదంటే, మీరు ఎవర్నీ అడగలేదు.

నివేదికలో రాసింది ఒక్కటే. మంచులో దించిన కర్ర బయటికి ఎంత కనిపిస్తే అంత మంచు కరిగినట్టు. 1996 వరకు మనవి దేవదారు కర్రలు. మోయడానికి తేలికని మీరు అల్యూమినియం గొట్టాలు తెచ్చారు. వాటి అడుగు మూయలేదు. అడుగు తెరిచిన గొట్టం తన బరువుకు తానే మంచులోకి దిగుతుంది. అది దిగితే బయట తక్కువ కనిపిస్తుంది, తక్కువ కరిగినట్టు లెక్క వస్తుంది. అందుకే ఆ ఏడేళ్ళూ చుట్టూ హిమనదులన్నీ చస్తుంటే మన సర్‌బాష్ ఒక్కటే ఆరోగ్యంగా ఉంది. మీరు దొంగ అంకెలు రాశారని నేను ఏనాడూ అనలేదు. అన్నది డైరెక్టరు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మీకు చెప్పాను, అగాయ్. 2002 ఆగస్టులో, పద్నాలుగో కర్ర దగ్గర, మంచు మీద నిలబడి. చెప్పినది, మీరు అన్నది, మన ఆకుపచ్చ క్షేత్ర నోట్‌బుక్కులో ఆ రాత్రే రాసుకున్నాను. మీరు దాన్ని కూడా ఫొటో తీసి ఉంటే అది ఇప్పుడు నా బల్ల మీద, నేను చదవలేని ఇసుకలో ఉంది.

ఐజిరెక్


కారాకోల్,
జనవరి 21

ఐజిరెక్,

నువ్వు నాకేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే గుర్తుండేది. పద్నాలుగో కర్ర దగ్గర ఆ ఆగస్టులో గాలి ఎటు వీచిందో కూడా నాకు గుర్తుంది. పడమర నుంచి.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నిద్రపట్టడం లేదు. నువ్వు అబద్ధమాడుతున్నావా, నేను మరిచిపోయానా? రెంటిలో ఏది నిజమైనా ఒక మనిషి చెడిపోయినట్టే. అంకెలు చూసి తేల్చుకోవడం నా వృత్తి. అంకెలు నీ దగ్గరున్నాయి.

సంకేతపదం: కర్ర అబద్ధమాడదు. మధ్యలో ఖాళీ లేకుండా, మన భాషలో. ఎప్పటినుంచో నాకు ఊతపదం, ఎక్కడ పుట్టిందో తెలియదు.

ఏడో అధ్యాయం చదవకు. చదివితే చదువు.

తొలోముష్


బిష్కెక్,
ఫిబ్రవరి 4

అగాయ్,

తెరుచుకుంది.

అంకెలన్నీ ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళూ. ఫొటోల్లో 1988వి సగం, 1991వి మొత్తం పోయాయి, ఎంత వెతికినా ఇసుకే. పుస్తకం భద్రంగా ఉంది. చెడ్డ గదులకు మీ పుస్తకం రుచించలేదు కాబోలు.

ఏడో అధ్యాయం చదివాను. బాగా రాశారు. ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నా ముక్కు గురించి రాసిన వాక్యం మాత్రం పూర్తిగా నిజం, దాన్ని మార్చకండి.

ఆకుపచ్చ నోట్‌బుక్కు ఉంది. ఆగస్టు 11 పేజీని అచ్చు తీసి జత చేశాను. చేతిరాత నాదే. మూడు పంక్తులే, ఇక్కడ కూడా రాస్తున్నాను, అచ్చు మసకగా వచ్చింది.

"పద్నాలుగో గొట్టం అడుగు తెరిచి ఉంది, దిగిపోతోందేమోనని అగాయ్‌కి చెప్పాను. విన్నారు. నవ్వి, 'కర్ర అబద్ధమాడదు, పిల్లా' అన్నారు."

మీ సంకేతపదాన్ని యంత్రంలో కొడుతున్నప్పుడు నా చేతులు ఆగిపోయాయి. అది మీరు పంపిన తాళమో, నాకు జవాబో అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

మూడు డిస్కులు పంపుతున్నాను. ఒకటి మీ దగ్గర, ఒకటి ఆ పిల్లలకి, ఒకటి వద్దన్నా నా దగ్గర.

ఐజిరెక్


కారాకోల్,
ఫిబ్రవరి 18

ఐజిరెక్,

ఆ పేజీని రోజూ చదువుతున్నాను. ఆ మాట నాది. 'పిల్లా' అన్నది కూడా నేనే, అలా నిన్ను ఇంకెవరూ పిలవరు. అయినా ఆ రోజు మాత్రం రావడం లేదు. పడమటి గాలి ఉంది, కర్ర ఉంది, నువ్వు ఉన్నావు, నీ పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను నీ మాట మరిచిపోయి, దానికి నేనిచ్చిన జవాబును మాత్రం ఇరవై ఏళ్ళు తాళంగా వాడుకున్నాను. ఇది ఏ రకం ఎర్రరో నీ బ్యాంకులో ఎవరినైనా అడుగు.

స్టెబిలైజరు డిస్కుకి మార్చాను. మాంసం సంగతి చలి చూసుకుంటుంది. నిన్న శనివారం, ఇస్మార్ పిలిస్తే వెళ్ళాను. వెళ్ళేముందు డిస్కు ఆపి, తీగ పీకి, చేతిలో పట్టుకుని మరీ వెళ్ళాను. "ఇదేంటి అక్సకాల్, దానికీ స్నానం చేయిస్తారా?" అన్నాడు వాడు. వాడికి స్నేహితుడు కావడం తేలిక. నీకు గురువు కావడం అంత తేలిక కాదు.

కేంద్రం పిల్లలు నిన్న వచ్చారు, డిస్కు ఇచ్చాను. దాని పైన ఒక కాగితం అంటించాను: 1996 నుంచి ఉన్న అంకెలను వాడేముందు 2003 నివేదిక చదవండి, రాసినది ఐజిరెక్. ఏడో అధ్యాయం తీసేయలేదు. నాకు అంత మంచి వాక్యాలు మళ్ళీ రావు. జుమాదిల్‌తో అచ్చు ప్రతి పంపుతున్నాను. ఎర్ర సిరాతో దిద్ది పంపు, నీ నివేదికలో నా పట్టికలు దిద్దినట్టు. ముక్కు వాక్యం నువ్వన్నట్టే ఉంటుంది.

ఇంకో మాట. కేంద్రం మూసినప్పుడు పద్నాలుగో గొట్టాన్ని నేనే పీకి తెచ్చుకున్నాను. పెరట్లో పాతి బట్టలు ఆరేసే తాడు కట్టాను. ఇన్నేళ్ళూ దానికి చొక్కాలు ఆరేశాను గానీ దాని అడుగు ఎన్నడూ చూడలేదు. ఈ ఉదయం గడ్డకట్టిన నేలలో పార దిగలేదు. నాలుగు కెటిళ్ళ వేడినీళ్ళు పోసి పీకాను. ఇస్మార్ గోడ మీంచి చూస్తూ, "నిధి దొరికిందా?" అని అడిగాడు.

నా కొలతల్లో తప్పుందని ఒప్పుకోవడం లేదు. అవి ఎంత జాగ్రత్తగా తీశానో నువ్వు చూశావు. గొట్టం అడుగు తెరిచి ఉందని మాత్రం ఒప్పుకుంటున్నాను. లోపల చెయ్యి పెట్టాను, మట్టి వచ్చింది. ఎంత లోతుకు దిగిందో కొలిచాను. నలభై మూడు సెంటీమీటర్లు. మెత్తటి మట్టిలో, ఇరవై ఏళ్ళలో. రాసుకో.

అగాయ్